బోర్లేసిన బండ

2022 ఎండకాలం. వికారాబాద్ల, అనంతగిరి గుట్టలకు పోయే రోడ్డు పక్కన, పాస్టర్లకు ట్రైనింగ్ ఇచ్చే చిన్న బడి ఉన్నది. అండ్ల నేను చర్చ్ హిస్టరీ చెప్తా. చర్చ్ హిస్టరీ అంటే ఏం లేదు, సంఘం మొదలైన కాన్నుంచి ఎవరెవరు ఏం రాసిన్రు, దేని గురించి కొట్లాడిన్రు, ఆ కొట్లాటల్లకెల్లి మనకు మిగిలిందేంది అని చెప్పుడు. పిల్లలకు నా క్లాసంటే నిద్ర. అన్నం తిన్నంక వచ్చే పీరియడే నాకు ఇస్తరు. అది నా మీద కావాలని చేసే పనే అని నాకు ఎప్పటినుంచో అనుమానం.

అనుమానం నాకు మా అమ్మ నుంచి వచ్చింది. మాది కుల్కచర్ల దిక్కు. మా అమ్మ కందులు కొన్నా జొన్నలు కొన్నా మోచేతి దాంక సంచిల చెయ్యి పెట్టి అడుగుయి తీసి చూసేది. పైన మంచియి పోసి కింద పుచ్చుయి పోస్తరు బిడ్డా, అనేది. నేను మనుషులను గట్లనే చూస్త. పరీక్ష పేపర్లు దిద్దేటప్పుడు కూడా బాగ రాసినోని మీదనే ముందు డౌటొస్తది.

ఏడాదేడాది నేను తప్పకుండ ఇచ్చే ప్రశ్న ఒకటున్నది. రోము రాజుల కాలంల ఉత్తర ఆఫ్రికాల క్రైస్తవులను మస్తు సతాయించిన్రు. మీ లేఖనాలు తెచ్చి అప్పజెప్పున్రి, లేకుంటే పానం తీస్తం అన్నరు. కొందరు గురువులు సచ్చిపోయిన్రు గని ఇయ్యలే. కొందరు భయపడి ఇచ్చిన్రు. అదంత సద్దుమణిగినంక లొల్లి షురువైంది. గట్ల భయపడి లొంగినోళ్ల చేతుల మీద బాప్తిస్మం తీసుకున్నోళ్ల సంగతేంది? అది చెల్లుతదా, మళ్ల ఇయ్యాల్నా? చెల్లదు అన్నోళ్లు చెడ్డోళ్లు కాదు. పానాలకు తెగించి నిలబడ్డోళ్ల దిక్కు మాట్లాడినోళ్లే. కొన్ని తరాలు పోయినా ఆ లొల్లి తెగలే. అప్పుడు అక్కడనే బిషప్‌గ ఉన్న ఒకాయన దాని మీద మస్తు రాసిండు. ఇచ్చేటోడు క్రీస్తు, మనిషిది ఉత్త చెయ్యి మాత్రమే, చెయ్యి మురికిదైతే ఇచ్చిన వస్తువు మురికి కాదు అని ఆయన వాదన.

వెయ్యేండ్లు దాటినంక యూరప్‌ల పాత సంఘంల నుంచి బయటికొచ్చి మన ప్రొటెస్టెంట్ సంఘాలకు పునాది వేసినోళ్లు ఆ బిషప్ రాతలే ముందటేసుకొని కూసున్నరు. రక్షణ మన మంచితనంతోని రాదు, కృపతోని వస్తది అనే మాటకు ఆయన్నే సాక్ష్యం తెచ్చుకున్నరు. అన్నిట్ల ఆయనతోని ఒప్పుకోలే గని, బాప్తిస్మం కాడ ఆయన మాటనే పట్టుకున్నరు. పట్టుకోక ఏం చేస్తరు? వాళ్లు చెడిపోయిన్రని తిట్టిన గురువుల చేతుల మీదనే వాళ్ల బాప్తిస్మాలు కూడా అయినయి గద. అట్ల ఆ మాట సముద్రాలు దాటి మా సంఘం నియమాలల్లకు కూడా వచ్చింది. నా కాడ అది ఐదు మార్కుల ప్రశ్న.

ఆ ఏడు ఈస్టర్ పోయినంక సూపరింటెండెంట్ అయ్యగారు ఫోన్ చేసిండు. సూపరింటెండెంట్ అంటే మా దిక్కు చర్చీలన్నిటికి పెద్ద. తాండూరు అవతల, యాలాల్ దిక్కు ఒక ఊర్ల సమాధుల తోటల ఒక ఆడపిల్ల సమాధి బండను ఎవరో రాత్రికి రాత్రి బోర్లేసిన్రట. పేరు చెక్కిన దిక్కు మట్టిలకు పోయింది. సంఘ పెద్ద పోలీసు కంప్లైంట్ ఇస్త అంటున్నడట. కొత్త పాస్టర్ మీద. కేసయితే సంఘం రెండు ముక్కలైతది, పాస్టర్ పని పోతది. నువ్వు పోయి ఎంక్వైరీ చెయ్యి, అన్నడు. ఎంక్వైరీ అంటే పోలీసు దాంక పోకముందు మాలో మేం చేసుకునే విచారణ. నేనే ఎందుకు అంటే, నువ్వు ఎవ్వన్నీ నమ్మవు గద, గందుకే అన్నడు. మెచ్చుకున్నడో తిట్టిండో ఇప్పటికీ తెల్వదు.

అసలు గాయం ఇంకోటి ఉన్నది. ఆ ఊర్ల అంతకు ముందు చానా ఏండ్లు పనిచేసిన పాస్టర్‌కు కర్ణాటక దిక్కు ఇంకో సంసారం ఉన్నట్టు ఆ చలికాలంల బయటపడ్డది. ఇక్కడ భార్యాపిల్లలు, అక్కడ భార్యాపిల్లలు. ఆయన్ని తీసేసిన్రు. ఆయన జాగల వచ్చినోడే ఈ కొత్త పాస్టర్ ప్రభాకర్. వాడు నా స్టూడెంట్.

పొద్దుగాల ప్యాసింజర్ ఎక్కి తాండూర్ల దిగిన. స్టేషన్ బయటికి రాంగనే బండలు కోసే మిషన్ల సప్పుడు, చెట్ల ఆకుల మీద తెల్ల దుమ్ము. ఆటోల నా పక్కన కూసున్న ముసలామె ఎదురుంగ ఉన్నామెతోని కన్నడంల, నాతోని తెలుగుల మాట్లాడుకుంట వచ్చింది. ఊరి మొదట్ల సంఘ పెద్ద దేవదాసన్న బండి మీద ఎదురొచ్చిండు. వచ్చుడు వచ్చుడే ప్రభాకర్ తప్పులు అప్పజెప్పుడు మొదలువెట్టిండు. అడగకముందే చెప్పేటోళ్లంటే నాకు పడది.

ఆయన చెప్పింది ఏందంటే, పాత పాస్టర్ సంగతి బయటపడంగనే ఊర్ల జనం బెదిరిపోయిన్రు. ఆయన చేతుల మీద బాప్తిస్మం తీసుకున్నోళ్లంత మాది చెల్లుతదా అని ప్రభాకర్‌ను అడిగిన్రు. ప్రభాకర్ అందరికీ మళ్ల ఇస్త అన్నడు. వచ్చే ఆదివారం కాగ్నా ఏటి మడుగు కాడ పెట్టుకున్నరు. అంతల జనం ఇంకో పని చేసిన్రు. బాప్తిస్మంల ఆ పాస్టర్ పెట్టిన పేర్లు విడిచిపెట్టిన్రు. మా దిక్కు బాప్తిస్మంతోని కొత్త పేరు వస్తది గద. సమూయేలు మళ్ల సాయిలు అయిండు, మార్తమ్మ మళ్ల మల్లమ్మ అయింది. చెడ్డ చేతి పేరు మాకొద్దు, కొత్త నీళ్లతోని కొత్త పేరు తీసుకుంటం అన్నరట. దేవదాసన్నకు మాత్రం అంతకు ముందటి పాస్టర్ బాప్తిస్మం ఇచ్చిండు. "నాది పక్కా," అని నవ్విండు. ఆ నవ్వు నాకు నచ్చలే. ప్రభాకర్‌ను వెళ్లగొట్టే సాకు కోసం ఈయనే బండ తిప్పి ఉంటడేమో అనిపించింది.

ప్రభాకర్ చర్చి వెనుక రూముల ఉన్నడు. సన్నగ అయిండు. నమస్తే మేడమ్ అని తలకాయ దించిండు. నీకు ఆ ప్రశ్నకు ఐదుకు ఐదు ఏసిన, యాదికి ఉన్నదా అని అడిగిన. ఉన్నది అన్నడు. మరి గిదేం పని అన్న.

"మేడమ్, పేపర్ల రాసుడు అల్కగ ఉంటది," అన్నడు. "గాయన రెండిండ్ల కాపురం చేసుకుంట వచ్చి నీళ్లు పోసిండు. ఆ నీళ్లు మంచియే అని నేను ఈళ్ల మొకం చూసి ఎట్ల చెప్పాలె? నాకే రోతయితుంది."

రోత అన్న మాట నిజంగనే వచ్చింది. గని నాకు నమ్మబుద్ధి కాలే. ఊరందరికీ మళ్ల బాప్తిస్మం ఇస్తే ఊరంత నీ చేతి కిందికి వస్తది, పాతోని గుర్తే లేకుండ పోతది. సమాధి బండ మీది పేరు కూడా ఆ పాత పాస్టర్ పెట్టిందే. నువ్వే తిప్పినవా అని మొకం మీదనే అడిగిన. లేదు మేడమ్ అన్నడు. ఒట్టు పెట్టలే, కోపానికి రాలే. అందుకే ఇంకింత అనుమానమైంది.

ఆ పిల్ల సంగతి వాడే చెప్పిండు. ఇంట్ల పేరు మంజుల. తాండూర్ల డిగ్రీ చదువుతుండె. వాళ్లది గొర్లకాపరుల ఇల్లు, ఇంటిల్లిపాది ఊరి దేవుండ్లకు మొక్కేటోళ్లే. ఈ పిల్ల ఒక్కతే చర్చికి వచ్చేది. కామెర్లు ముదిరి దవాఖానల పడ్డది. నాకు బాప్తిస్మం కావాలె అని తనే అడిగిందట. పాత పాస్టర్ పోయి మంచం మీదనే నెత్తిన నీళ్లు పోసి కృపారాణి అని పేరు పెట్టిండు. ఆ తర్వాత ఎక్కువ దినాలు బతకలే. తల్లి బాలమణి, మొగుడు లేని మనిషి, బిడ్డ పోయినంక చర్చికి వచ్చుడు మొదలువెట్టింది. ఆమెకు ఇంకా బాప్తిస్మం కాలే, ఆదివారం ఆమెది కూడా ఉండె. ఈస్టర్ పొద్దుగాల సమాధుల కాడ పోయినోళ్లను తలుచుకొని ప్రార్థన చేస్తం గద, అప్పుడు నువ్వు ఏం పేరు పలికినవ్ అని అడిగిన. వాడు నేల చూసుకుంట, "మంజుల అన్న," అన్నడు.

సమాధుల తోటకు ముగ్గురం పోయినం. పోలీసులు వచ్చేదాంక ముట్టొద్దని దేవదాసన్న చుట్టూ ముండ్లకంప ఏసిండు. మూడడుగుల తాండూరు బండ, రెండు వేళ్ల మందం. నేను కంప జరిపి మోకాళ్ల మీద కూసున్న. మూలలు తడిమి చూసిన. నాలుగు మూలలల్ల ఒక్కటి కూడా పలగలే. ఈ బండ సంగతి ఇక్కడోళ్లకు చెప్పే పని లేదు, ఎత్తరాని చేతుల్లకు పోతే మూల లేచిపోతది. బండలు పాలిష్ పట్టేకాడ ఒక దిక్కు అయినంక ఇంకో దిక్కు తిప్పేటోళ్లు ఎట్ల తిప్పుతరో గట్ల తిప్పిన పని ఇది. గడ్డపార తెమ్మని ఒక అంచు లేపమన్న.

కింద గోనెసంచి ఉన్నది. ఉతికిన సంచి, రెండు మడతలు పెట్టి పరిచి ఉన్నది. చెక్కిన అక్షరాలు ఆ సంచి మీద ఆనుకొని ఉన్నయి, ఒక్క గీత పడలే.

సంచి అంచు పట్టి చూసిన. పగతోని బోర్లేసెటోడు అక్షరాలు గీసుకపోతయని సంచి పరుస్తడా? దేవదాసన్నను చూసిన, ప్రభాకర్‌ను చూసిన. ఇద్దరికీ ఏం సమజ్ కాలే. ఈ ఊర్ల పాలిష్ మిషన్ కాడికి పనికి పోయే ఆడోళ్లు ఎవరు అని అడిగిన. దేవదాసన్న నాలుగు పేర్లు చెప్పిండు. నాలుగోది బాలమణి.

ఆమె అప్పుడే పనిల నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటున్నది. చీర అంచు దాంక తెల్ల బురద. నేను ఇద్దరు మొగోళ్లను బయటనే నిలబెట్టి లోపటికి పోయిన. సంచి నీదేనా చెల్లె, అని అడిగిన. ఆమె భయపడతది అనుకున్న. భయపడలే. నా పక్క నుంచి పోయి తలుపు దగ్గరికి ఏసింది.

"నాదే," అన్నది. "గా కొత్త పాస్టరు కూడా సమాధుల కాడ నా బిడ్డ బాప్తిస్మం పేరు పలకలే. ఊర్ల అందరు ఆ పేర్లు ఇడిసిపెడుతున్నరు. దేవుడు అక్కడికెల్లి చూసి, ఇది గా దొంగ లంగ చేతుల పేరు గద అని నా బిడ్డను పక్కకు నూకుతడేమో అని బోర్లేసిన. సంగతి తేలేదాంక."

మరి పాస్టర్ మీదికి పోతుంటే ఎందుకు చెప్పలే అంటే, పోనియ్యి, పేరు పలకనోనికి జర తాకనియ్యి అనుకున్న అన్నది. దాచలే. నాకు ఆమె మీద కోపం రాలే.

తర్వాత ఆమె లోపల ఉన్న అసలు మాట బయటపెట్టింది. ఊర్ల అందరు ఆదివారం నీళ్లల్ల దిగుతరు, వాళ్లది వాళ్లు సక్కజేసుకుంటరు. మట్టిల ఉన్న నా బిడ్డ ఎట్ల లేచి దిగుతది? బిడ్డ ఉన్న తావుకు పోవాలనే నేను ఈ బాప్తిస్మం తీసుకుంటున్న. దానిది చెల్లకుంటే నేను ఒక తావుకు పోత, అది ఇంకో తావుకు పోతది. గట్లయితే నేను దిగ, మా దేవుండ్ల కాడనే ఉంట, అన్నది.

నేను నా ఐదు మార్కుల జవాబు చెప్పుడు మొదలువెట్టిన. ఆఫ్రికా సంగతి, భయపడ్డ గురువుల సంగతి, ఆ బిషప్ సంగతి చెప్పిన. చెల్లుతది చెల్లె, నీ బిడ్డది చెల్లుతది, చెయ్యి పాత పాస్టర్‌ది గని బాప్తిస్మం క్రీస్తుది అన్న. ఆమె నా మొకంల మొకం పెట్టి చూసింది. సంచి అడుగుల చెయ్యి పెట్టినప్పుడు మా అమ్మ గట్లనే చూసేది.

"కేసు కాకుండ చెయ్యమని నిన్ను పంపిన్రు గద. నా నోరు మూసెతందుకు చెప్తున్నవా?"

లేదన్న. నువ్వు పుట్టకముందే, మనందరం పుట్టకముందే తేలిన మాట ఇది, మా చర్చీలన్ని ఒప్పుకున్న మాట అన్న.

"గా రాసినాయన మంచోడా?"

అబ్బా, గా ప్రశ్న ఇన్నేండ్లల్ల ఒక్క స్టూడెంట్ అడగలే. అబద్ధం చెప్దామా అని ఒక నిమిషం అనిపించింది. పెద్ద మహానుభావుడు అంటే అయిపోయేది. గని ఆమె కండ్లు నా మీదనే ఉన్నయి. చెప్పిన. వయసుల ఉన్నప్పుడు పెండ్లి లేకుండ ఒకామెతోని ఏండ్లకేండ్లు ఉన్నడు, కొడుకు పుట్టిండు, తర్వాత ఆమెను పంపించేసిండు. మారినంక ఆయనే తన తప్పులు ఒప్పుకొని రాసుకున్నడు.

"ఇగో," అన్నది బాలమణి. "గాయన కూడా గంతే. మరి గాయన మాట నేనెందుకు నమ్మాలె?"

 బయట దేవదాసన్న దగ్గుతున్నడు. ఆ ప్రశ్న కాడనే నాకు అప్పటిదాంక తెల్వంది తెలిసింది. ఆ బిషప్ నాకంటే పెద్ద అనుమానపు మనిషి. మనిషి అడుగుల దాంక చెయ్యి పెట్టి చూసిండు, ముందుగాల్ల తన సంచిలనే పెట్టుకున్నడు. పుచ్చు లేని మనిషి దొరకడని తేలింది. అందుకే బాప్తిస్మాన్ని మనిషికి అందకుండ పైన పెట్టిండు.

"నమ్మకు," అన్న. "ఆయన్ని నమ్మకు, పాత పాస్టర్‌ను నమ్మకు, గీ ప్రభాకర్‌ను నమ్మకు, నన్ను అసలే నమ్మకు. ఆయన చెప్పింది గదే. చెయ్యి చూసి లెక్క కట్టుడు మొదలువెడితే ఈ భూమ్మీద ఒక్కని బాప్తిస్మం కూడా మిగలది. నీ బిడ్డ దవాఖానల ఎవని పేరు మీద నీళ్లు అడిగింది?"

"యేసు పేరు మీద."

"పోసినోడు ఏ పేరు పలికి పోసిండు?"

 బిడ్డ మంచం పక్కన తను నిలబడ్డది యాదికి తెచ్చుకున్నది కావచ్చు. తండ్రి పేరు, కొడుకు పేరు, పరిశుద్ధాత్మ పేరు అన్నడు అని మెల్లగ చెప్పింది. అండ్ల ఆ లంగ పేరు ఉన్నదా అన్న. లేదు అన్నది. చీర కొంగు నోట్ల కుక్కుకొని ఏడ్చింది. నేను కూడా ఏడ్చిన, సిగ్గెందుకు.

బయటికి వచ్చి ప్రభాకర్‌ను చర్చిలకు తీసుకపోయిన. బండ సంగతి చెప్పిన. నీకు రోతయితే నువ్వు రోత పడు, గని నీ రోతను మందికి సిద్ధాంతం చేసి పెట్టకు అని కోపం చేసిన. మళ్ల బాప్తిస్మం ఇస్తే ఆదివారం బతికున్నోళ్లు ధైర్యంగ ఇంటికి పోతరు, సచ్చిపోయినోళ్ల తల్లుల సంగతేంది? వాడు అది ఆలోచించలే. బాలమణి మొకం చూసి కూడా ఆలోచించలే. రెండు చేతులతోని మొకం కప్పుకొని కూసున్నడు.

ఆదివారం నేను ఉన్న. కాగ్నాకు ఎవరూ పోలే, బాలమణి బాప్తిస్మం కూడా వానకాలానికి జరిపిన్రు. చర్చిలనే ప్రభాకర్ లేచి, మీ బాప్తిస్మాలు చెల్లుతయి, నేను తొందరపడ్డ అన్నడు. అందరు ఒప్పుకోలే. రెండు ఇండ్లోళ్లు లేచి పోయి, తర్వాత తాండూర్ల ఇంకో గుంపుల మళ్ల మునిగిన్రని విన్న. దేవదాసన్న కంప్లైంట్ మాట మళ్ల ఎత్తలే, బండ తిప్పింది బాలమణి అని తెలిసినంక ముండ్లకంప ఆయనే తీసేసిండు. ఆయన మీద నా అనుమానం కూడా తప్పేనని తేలింది.

ఆరాధన అయినంక బాలమణి గడ్డపార పట్టుకొని తోటకు నడిచింది. మేమందరం ఎనుక పోయినం. మొగోళ్లు సాయం పట్టవోతే వద్దన్నది, మూల పలగ్గొడతరు అన్నది. ఒక్కతే అంచు లేపి, కింద రాయి ఆసర పెట్టి, మోకాలు ఆనించి బండను మళ్ల తిప్పింది. గోనెసంచి దులిపి సంకల పెట్టుకున్నది. కొంగుతోని అక్షరాల మీది దుమ్ము తుడిచింది. ఆమెకు చదువు రాదు. ప్రభాకర్ దిక్కు తిరిగి, "సదువు," అన్నది.

"కృపారాణి," అన్నడు వాడు.

"ఇంకోపారి."

మళ్ల చదివిండు. ఈపారి అందరికి ఇనబడేటట్టు.

ఆ ఎంక్వైరీ తర్వాత నేను నా ప్రశ్న మార్చిన. ఫలానా వాదం గురించి వివరించుము అని అడుగుత లేను. పాలిష్ మిషన్ కాడ పనిచేసే ఒక తల్లి వచ్చి, మా బిడ్డకు బాప్తిస్మం ఇచ్చినోడు దొంగోడు అని తెలిసింది, ఇప్పుడెట్ల అని అడిగితే ఆమెకు ఏం చెప్తవ్ అని అడుగుతున్న. పాత కాలపోళ్ల రాతలు మన దాంక ఎట్ల వచ్చినయో నేను ఇన్నేండ్లు బోర్డు మీద గీతలు గీసి చూపించిన. ఎందుకు వచ్చినయో మాత్రం ఆ ఇంట్ల తలుపు దగ్గరికి ఏసినప్పుడు తెలిసింది. అనుమానపడుడు తప్పు కాదు. చెయ్యి మీద ఎంతన్న పడొచ్చు. అసలు ఇచ్చిన క్రీస్తు మీద పడొద్దు.

వానలు పడి కాగ్నాల నీళ్లు పెరిగినంక బాలమణి బాప్తిస్మానికి నన్ను పిలిచిన్రు. ప్రభాకర్ నడుం లోతు నీళ్లల్ల నిలబడ్డడు. బాలమణి ఒడ్డు మీద తెల్ల చీరల ఉండి, నన్ను పక్కకు పిలిచి చెవిల అడిగింది. "టీచరమ్మా, గీయన కూడా రేపు చెడిపోతె?"

చెడిపోవచ్చు, నాకు అందరి మీద అనుమానమే అన్న.

"కానియ్యి," అన్నది. "నీళ్లు గీయనయి కావు గద." చెప్పులు ఇడిసి దిగింది.